పాత పొట్టు, కొత్త పప్పు

పల్లికాయకు పొట్టు అట్లాగే ఉంచి లోపలి పప్పు ఒక్కటే మార్చే వీలుంటే తన వ్యాపారం ఎంత సుఖంగా సాగేదో అనుకుంది సుగుణమ్మ. వనపర్తి దాటి పెబ్బేరు రోడ్డెక్కిన కారులో, తలకు చుట్టుకున్న తువ్వాలు గాలికి లేచిపోకుండా ఒక చేత్తో అదిమి పట్టుకుని కూర్చుంది. పైకప్పు మడిచేసిన కారు. రెండే సీట్లు. ఒకప్పుడు ఎర్రగా ఉండి ఇప్పుడు నిరుటి ఎండుమిరప రంగుకు దిగింది. రోడ్డుకు ఎంత దగ్గరగా ఉంటుందంటే ఎదురొచ్చే బండ్ల మనుషుల ముఖాలు కాదు, చెప్పులు కనిపిస్తాయి. పక్కన స్టీరింగు పట్టుకుని ఆమె భర్త నాగన్న. పనేమిటంటే, గద్వాలలో క్రాంతి కుమార్ అనే మెకానిక్ షెడ్డులో కొత్త ఇంజన్ ఒకటి సిద్ధంగా ఉంది. దెబ్బతిన్న ఏదో పెద్దకారులోంచి బయటపడిన మంచి ఇంజన్. ఔనంటే ఈరోజే పాతది ఊడదీసి దాన్ని ఎక్కిస్తాడు. కాదంటే అది రాయచూరు వాళ్లకు పోతుంది, మళ్లీ దొరకదు. ఔనో కాదో గద్వాల చేరేలోగా తేలాలి, తేల్చాల్సింది ఆమె. పొద్దున బయల్దేరుతూ అడిగితే నాగన్న తాళంచెవి తిప్పుతూ ఒకటే మాట అన్నాడు. "బేరం నీది. నువ్వే చూస్కో." ఇన్నేళ్ల కాపురంలో ఆయన అన్నిటికీ చెప్పిన మాటే అది. ఇంటి జాగాకు చెప్పాడు, గోదాముకు చెప్పాడు, కూతురి కాలేజీకి చెప్పాడు. ఈ కారుకు మాత్రం చెప్పలేదు. ఇది తెచ్చిన రోజు ఆయనే బేరమాడాడు, ఆమెను అడగకుండా, జీవితంలో ఒకేఒక్కసారి.

సీజను రోజులు. యాసంగి పల్లి మార్కెట్ యార్డులో కుప్పలు కుప్పలుగా దిగుతున్న వేళ ఖరీదుదారు దుకాణం వదిలి ఇట్లా గాలికి తిరగడం తెలివైన పని కాదు, హమాలీలు ఏ కుప్పను ఏ కుప్పలో కలుపుతారో, ఉప్పునుంతల నుంచి వచ్చే రైతు ఈసారైనా కాయను పూర్తిగా ఎండబెట్టి తెస్తాడో లేదో. ఎండిందో లేదో తెలుసుకోవడానికి ఇప్పుడు తేమ చూసే మిషన్లున్నాయి. ఆమె మాత్రం ఇంకా కాయను వేళ్ల మధ్య పట్టి చెవి దగ్గర ఆడిస్తుంది. గలగలమంటే ఎండింది. గలగల్లోనే తేడాలున్నాయి, నిండు పప్పు ఒకలా కొట్టుకుంటుంది, ఎండి ముడుచుకుపోయింది మరొకలా, తాలు కాయ అసలు పలకదు, పలకనిదల్లా తాలు కాదు, పచ్చిదీ పలకదు. ఇదంతా తల్లి జమ్ములమ్మ నేర్పింది. యార్డు గేటు పక్కన గోనెపట్టా పరిచి కూర్చుని, వచ్చిన ప్రతి బస్తాలోంచి ఒక కాయ తీసి పిల్ల చెవి దగ్గర ఆడించి, "చెప్పు, ఏమంటుంది?" అని అడిగేది. తప్పు చెబితే ఆ కాయనే వలిచి నోట్లో పెట్టేది, చేదో తీపో నాలుకకే తెలియాలని. చెవి అట్లా తయారైంది. అందుకే నిరుడు దసరా తరువాత ఈ కారు ఇంజన్ గొంతు మారిన సంగతి అందరికంటే ముందు ఆమెకే పట్టుబడింది. గలగలలో ఏదో వదులైంది. నిండు పప్పు చప్పుడు పోయి ముడుచుకున్న పప్పు చప్పుడు వచ్చింది. నెల తిరక్కుండా వెనక నీలం పొగ మొదలైంది, నూనె తాగడం మొదలైంది, కొత్తకోట వైపు చిన్న ఎత్తు వస్తే చాలు ఊపిరి అందని మనిషిలా ఆగి ఆగి ఎక్కడం.

ఆ మాట ఆమె నాగన్నకు చెప్పలేదు. కారులో చెప్పినా వినబడదు. ముప్పై ఏళ్లు లారీ క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం మిగిలింది, ఆ సగమూ ఇంట్లో గోడల మధ్య పనికొస్తుంది గాని ఈ కప్పులేని కారులో గాలి తప్ప ఏదీ లోపలికి పోదు. కూతురు కొనిచ్చిన చెవి మిషన్ చొక్కా జేబులో ఉంటుంది. పెట్టుకుంటే గాలి చప్పుడే పదింతలవుతుందట. అందుకే కారులో ఇద్దరికీ మాటల్లేవు. మొదట్లో ఆమెకు తోచేది కాదు, మాట లేకుండా ఎవరి పక్కనైనా కూర్చోవడం ఆమెకు అలవాటు లేని పని, యార్డులో మాటే సరుకు. తరువాత్తరువాత ఆ మౌనానికి రుచి తెలిసింది.

ఈ కారు వచ్చిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ కోపమే రావాలి, నవ్వొస్తుంది. పల్లిపప్పు లోడు బెల్గాం నూనెమిల్లుకు వేసుకుపోయాడు. తిరుగు లోడుకు నూనె తీసిన పల్లిచెక్క తెమ్మని చెప్పి పంపింది, గేదెల వాళ్లు అడ్వాన్సులు ఇచ్చి కూర్చున్నారు. లారీ గోదాము ముందు ఆగింది, పట్టా కప్పి ఉంది, కింద ఏదో గుట్టలా ఉంది, కాని చెక్క వాసన లేదు. ఆమె పట్టా కొస ఎత్తింది. ఎర్రగా, నున్నగా, కప్పలా చతికిలబడి కూర్చుని ఉంది.

"చెక్క యాడ?"

"తేలే."

"మరి గిదేంది?"

"కారు."

"కారని నాకు తెల్వదా? ఎవనిది?"

"మనదే," అన్నాడు నాగన్న, పట్టా తాళ్లు విప్పుతూ, ఎంత మామూలుగా అంటే గేదెల వాళ్లు కూడా ఇక చెక్క ఊసెత్తలేదు, కారు చుట్టూ మూగారు. గోవా దగ్గర ఎవరో కొద్ది కార్లు చేసి, అమ్ముడుపోక ఆపేశారట. ఒళ్లంతా ఫైబరు, ఇంజన్ ఏదో విదేశీ చిన్నకారుది. బెల్గాంలో ఒక షెడ్డు ముందు దుమ్ము పట్టి ఉంటే చూసి, లారీ ఆపి, దిగి, దాని చుట్టూ తిరిగి, అంతే. డిక్కీలో ఒక్క బస్తా పట్టదు. పిల్లను ఎక్కిస్తే తల్లికి చోటు లేదు. వానకు కారుతుంది. ఊళ్లో ప్రతి గుంతకూ పొట్ట తగులుతుంది. ఆమె చెయ్యగలిగిన లెక్కలన్నీ చేసింది, ఏ వైపు నుంచి చేసినా నష్టమే తేలింది. నష్టం తేలిన ప్రతిసారీ ఆయన వంక చూసేది. ఆయన గుడ్డతో దాని ముక్కు తుడుస్తూ ఉండేవాడు. ఆమె వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. తరువాత ఒక సాయంత్రం, యార్డులో ఇద్దరు కమీషన్ అడ్తి వాళ్లతో గొంతు బొంగురుపోయేదాకా కొట్లాడి వస్తుంటే గేటు ముందు కారు ఆపి తలుపు తీశాడు. ఎక్కింది. ఎందుకు ఎక్కిందో తెలియదు. పాన్‌గల్ రోడ్డు మీద గాలి మొదలయ్యాక, ఎక్కడో చెట్ల వరస దాటాక, ఆమెకు ఒక వింత సంగతి తట్టింది. తల లోపల లెక్క ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నిద్రలో కూడా ఆగని లెక్క. ఏ బస్తాకు ఎంత, ఏ రైతు ఎప్పుడొస్తాడు, రేపు నూనెమిల్లు వాడు ఎంత దించుతాడు, అన్నీ ఆగి ముఖం మీద గాలి ఒక్కటే మిగిలింది. ఇంటికొచ్చి మళ్లీ లెక్క వేసింది. ఈసారి ఆ గంటను కూడా లెక్కలో కలిపింది. నష్టం కొంచెం తగ్గింది. ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతూ తగ్గుతూ వచ్చింది, ఇప్పుడు లాభమే, ఆ మాట ఎవరితోనూ అనలేదు, నచ్చిన సరుకును పైకి పొగడకూడదన్నది ఆమె మొదటి సూత్రం.

పెబ్బేరు వచ్చింది. ఈరోజు సంత. మినీ లారీల్లో గొర్రెలు, తాళ్లకు ఎడ్లు, ఎడ్ల కొమ్ములకు రంగు. నాగన్న కారు నెమ్మది చేశాడు, ఎద్దుల గుంపు పక్క నుంచి పోతుంటే ఒక కోడె దూడ కారు మీదికి ముక్కు చాచి ఆమె తువ్వాలును వాసన చూసింది. జనం కారును చూసి దారిచ్చారు, ఒకడు ఈల వేశాడు. ఒక మూల ఇద్దరు ముసలివాళ్లు చేతుల మీద తువ్వాలు కప్పుకుని నిలబడి ఉన్నారు, ముఖాలు వేరే దిక్కులకు తిప్పుకుని. వాళ్లను చూడగానే నాగన్న తల అటు తిరిగింది. ఆయన తండ్రి ఈ సంతలోనే ఎడ్ల బేరగాడు. మాటతో బేరమాడితే పక్కవాడికి ధర తెలుస్తుందని తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ఆడే బేరం. కొనేవాడు ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. అమ్మేవాడికి సరిపోతే అరచేయి మొత్తం బిగించి ఊపుతాడు. సరిపోకపోతే చేయి బయటికి తీసుకుంటాడు. అట్లా తీసుకుంటే మళ్లీ అడగరు, అడగడం మర్యాద కాదు. పెళ్లైన కొత్తలో నాగన్న ఆమెకు ఆ భాష నేర్పాడు, ఇంట్లో, అత్తగారు చూడకుండా, బేరానికి ఏ సరుకూ లేకుండా. ఎద్దు ఎవరిదో, ధర ఎంతో అప్పుడు ఎవరికి కావాలి. ఆయన వేళ్లు పొడుగు, మెత్తన. లారీ స్టీరింగు వాటిని తరువాత మార్చింది.

హైవే ఎక్కారు. కారు బరువు తెలియకుండా సాగుతోంది. నిజం చెప్పాలంటే ఇంత ముసలితనంలోనూ దీని నడక అందమైనదే, ముక్కు తేలిక, మలుపు చెబితే వెంటనే వింటుంది, పాత అరబ్బీ గుర్రాలు ఇట్లాగే ఉండేవేమో. గుర్రమన్న మాట క్రాంతి కుమార్ కూడా అన్నాడు, కాని అతను అన్నది కొత్త ఇంజన్ పరుగును. పది రోజుల కింద వెళ్లినప్పుడు కొత్త ఇంజన్‌ను ఇనుప చట్రం మీద నిలబెట్టి స్టార్ట్ చేసి చూపించాడు. గొప్ప సరుకు. అది ఒప్పుకోవాలి. ఇంత చప్పుడు లేదు, వణుకు లేదు, దాని మీద నీళ్ల గ్లాసు పెడితే నీళ్లు కదలలేదు.

"అత్తా, ఒక్కపారి గిది ఎక్కించినమనుకో, మామ బీచుపల్లి బ్రిడ్జి మీద బస్సులను కార్లను అన్నిటినీ ఎనకేస్తడు. ఇప్పుడున్నదానికి డబుల్ బలం. ఏసీ గూడ పెట్టొచ్చు."

"కప్పు లేని కార్ల ఏసీ ఏందిరా?"

"కప్పు గూడ పెడ్త."

"అట్లయితే ఇంక ఇది మామూలు కారే," అంది, అందరూ నవ్వారు. తరువాత అసలు సంగతులు అడిగింది. ముక్కు బరువెక్కుతుందా? కొంచెం ఎక్కుతుంది, స్ప్రింగులు మారుస్తా. ఫైబరు ఒళ్లు ఆ బలాన్ని ఆపుతుందా? కింద ఇనుప పట్టీలు వేస్తా. కాగితాలు? ఆర్టీఓ దగ్గర అనుమతి తీసుకోవాలి, ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కాలి, అవుతుంది. పాతదాన్నే బాగుచేస్తే?

"చెయ్యొచ్చు. గని రింగులు దొర్కాలె, బోరు చేపియ్యాలె, నెలలు పడ్తది. చేసినంక గూడ గింతే బలం, పిసరు ఎక్కువ రాదు. మళ్ల ఎప్పుడు మొరాయిస్తదో నేను జిమ్మ తీస్కోలేను అత్తా. నీకు అబద్ధం చెప్పి బతకలేను గద."

అబద్ధం చెప్పడు, అది నిజం. కుర్రవాడు సరుకు తెలిసినవాడు, ధర తెలిసినవాడు, రెండూ కలిసి ఒక మనిషిలో దొరకడం అరుదు. ఇంకొక బేరం కూడా ఉంది. హైదరాబాదులో పాత కార్లు కూడబెట్టే ఆయన ఫోన్ చేశాడు. ఇంజన్ మార్చకుండా ఉంటే పాడైనా సరే కొంటానన్నాడు, మారిస్తే వద్దన్నాడు. పొట్టూ పప్పూ ఒకే చెట్టువి కావాలట. కాబట్టి దారులు మూడు. అమ్మేస్తే లాభం, కాని ఇల్లు బోసి. కొత్తది వేస్తే కారు నడుస్తుంది, అమ్ముడు ధర పోతుంది. పాతదే బాగుచేస్తే నెలలు షెడ్డులో పడుంటుంది, చివరికి లేస్తుందో లేవదో. యార్డు మనిషిగా ఆలోచిస్తే మొదటిది. ఇల్లాలిగా ఆలోచిస్తే రెండోది. మూడోదాన్ని తెలివున్నవాళ్లెవరూ ముట్టుకోరు. రెండోదాని వైపే ఆమె మొగ్గింది, దానికి కారణం ఉంది. ఆ రోజు కొత్త ఇంజన్ తిరుగుతుండగా నాగన్న దగ్గరికి వెళ్లి దాని మీద అరచేయి పెట్టాడు. చాలాసేపు ఉంచాడు. తరువాత చేయి తీసి, ప్యాంటుకు తుడుచుకుని, ఏమీ అనకుండా బయటికెళ్లి టీ తాగాడు. పొగడలేదు. పొగడకపోవడమంటే ఏమిటో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు. ఆమె దగ్గర ఇన్నేళ్లుండి ఆయనకూ సూత్రం అబ్బిందని లోలోపల మురిసింది. నచ్చింది ఈయనకు, బాగా నచ్చింది, అందుకే మాట్లాడలేదు అనుకుంది.

కృష్ణ మీది వంతెన. బీచుపల్లి గుడి అటుపక్క, నీళ్లు సగానికి, ఇసుక మేటలు తేలి తెల్లగా. వంతెన ఎక్కబోతుండగా వెనక నుంచి పెద్ద కంటైనర్ లారీ హారన్ కొడుతూ మీదికొచ్చింది. నాగన్నకు అది వినబడలేదు, అద్దంలో చూశాడు. పక్కకు జరిగి వేగం పెంచాలి. గేరు మార్చాలి. అప్పుడు చూసింది సుగుణమ్మ. ఎన్ని వందల సార్లు పక్కన కూర్చుందో, ఎప్పుడూ రోడ్డును చూసింది, నీళ్లను చూసింది, ఈ చేతిని చూడలేదు. ఆయన ఎడమ చేయి గేరు కర్ర మీద వాలింది, పట్టుకోలేదు, అరచేయి పరిచి ఊరికే ఆనించాడు. మెడ కొంచెం వంగింది, కళ్లు సగం మూసినట్టయ్యాయి. ఒక్క క్షణం. తరువాత వేళ్లు మూసుకున్నాయి, గేరు పడింది, ఎక్కడా గీసుకోలేదు, పాత ఇంజన్ దగ్గకుండా, ఆగకుండా, ఊపిరి మొత్తం కూడదీసుకుని లేచింది. లారీ వెనకపడింది. మళ్లీ గేరు. మళ్లీ అదే అరచేయి, అదే వంపు. మీటరు పల్లెంలో ఇంజన్ వేగం చూపించే ముల్లు చచ్చి చాలా కాలమైంది. చెవి పోయింది. మరి ఈ మనిషి ఏ గేరు ఎప్పుడు వెయ్యాలో ఎట్లా తెలుసుకుంటున్నాడని ఆమె ఎన్నడూ అడగలేదు. కాయను చెవి దగ్గర ఆడించేటప్పుడు తన మెడ కూడా అట్లాగే వంగుతుంది, హమాలీలు వెక్కిరిస్తూ చేసి చూపిస్తారు.

వంతెన దాటాక ఆమెకు గాలి వినబడలేదు. నీళ్ల గ్లాసు గుర్తొచ్చింది, అందులో కదలని నీళ్లు. అంత నెమ్మదైన, వణుకే లేని ఇంజన్ మీద పెట్టిన అరచేతికి ఏం చెప్పుంటుంది అది? పచ్చి కాయ పలకదు. మంచిదే కావచ్చు, ఎంతో మంచిదే, ఆ చేతికి మాత్రం పలకదు. లేక తానే కథ అల్లుతోందా? ఆయన ఆ రోజు మురిసిపోయే మాట్లాడలేదేమో. కొత్తది కావాలనే ఉందేమో, ముసలి ఇంజన్‌ను బతిమాలి నడిపే పని నుంచి చేతికి కాస్త సుఖం కావాలేమో. ఊళ్లో ఎవరి ముఖమైనా చూసి మనసులో ధర చెప్పగలదు, ఈ ఒక్క ముఖం దగ్గర ఎప్పుడూ గుడ్డిగానే కొనింది. అడగాలి. అడిగితే ఏమంటాడు? బేరం నీది, నువ్వే చూస్కో. ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరిగారు. రోడ్డుకు రెండు పక్కలా మిరప కళ్లాలు, ఎర్రగా. తప్పు కొంటే ఈయన ఆ ఏసీ కారును ఆమె కోసం నడుపుతాడు, ఒక్క మాట అనకుండా, చివరిదాకా. సరుకు వాపసు చేసే మనిషి కాదు. అదే భయం.

షెడ్డు ముందు కారు ఆగింది. క్రాంతి కుమార్ చేతులు తుడుచుకుంటూ వచ్చి ముక్కు మీది మూత ఎత్తాడు. పాత ఇంజన్ ఇంకా తిరుగుతోంది, నూనె వాసన, నీలం పొగ. అటు మూల కొత్తది చట్రం మీద మెరుస్తోంది.

"ఏమంటవు అత్తా? పానా పట్టాల్నా?"

"ఆగు జర."

ఆమె తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పింది. దులిపింది. నాగన్న దగ్గరికి వెళ్లి ఆయన కుడిచేయి పట్టుకుని ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పింది. ఆయన నివ్వెరపోయాడు.

"ఏందే గిది? అందరు చూస్తుండ్రు."

ఆమె గడ్డంతో పాత ఇంజన్ వైపు చూపించింది. నాకు అమ్ముతవా అన్నట్టు. తువ్వాలు కింద ఒక వేలు పట్టుకుంది. ఆయన ముఖంలో నవ్వు వచ్చి ఆగింది. చేయి కదల్లేదు. రెండు వేళ్లు. ఆయన సంత మనిషిలా ముఖం పక్కకు తిప్పుకున్నాడు, తండ్రి తిప్పుకున్నట్టే. మూడు. నాలుగు. షెడ్డులో ఎవరో రేడియో తగ్గించారు. ఆమె అయిదు వేళ్లూ కలిపి పట్టుకుంది, ఉన్నదంతా పెట్టాను, ఇంతకు మించి లేదు అని, ఆయన అరచేయి బిగించి ఊపుతాడేమోనని తువ్వాలునే చూసింది. ఎన్నడూ ఇంత పెద్ద ధర చెప్పి, ఎదుటివాడు కాదనాలని ఇంతగా కోరుకోలేదు. కోరుకుంటున్నానని కూడా అప్పుడే తెలిసింది.

నాగన్న చేయి నెమ్మదిగా బయటికి తీసుకున్నాడు. అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఆ తుడుచుకోవడం ఆమె ఎరిగినదే. ఆ రోజు కొత్త ఇంజన్ మీది నుంచి చేయి తీసినప్పుడూ ఇట్లాగే తుడుచుకున్నాడు. అప్పుడే వద్దని చెప్పాడు. ఆమె దాన్ని బేరగాడి ఎత్తు అనుకుంది.

"ఏమన్నడత్తా మామ?" అన్నాడు క్రాంతి కుమార్, ఏదీ అర్థంగాక.

"అమ్మడంట. ఆ కొత్తది రాయచూరోల్లకు ఇచ్చెయ్యి. మంచి సరుకే. మాది గాదు." పాత ఇంజన్ వైపు చెయ్యి చూపింది. "దీన్నే ఇప్పు. రింగులు నేను ఎతికిస్త, బెల్గాం దాక మనిషిని తోల్త. నెలలు పడితే పడనియ్యి."

"ఆ ముల్లు గూడ జేస్త మరి, ఇంజన్ స్పీడుది. మామకు పరేషాన్ ఉండదు."

"ముల్లు వద్దు," అంది సుగుణమ్మ.

నాగన్న అప్పటికే కారు ముక్కు మీదికి వంగి, తిరుగుతున్న ఇంజన్‌కు దగ్గరగా ఫైబరు మీద అరచేయి ఆనించి, కళ్లు సగం మూసి నిలబడ్డాడు. ఇక్కడి మాటలేవీ ఆయనకు వినబడలేదు. ఆమె అటు చూసింది, చూపు తిప్పుకుంది, చేతిలోని తువ్వాలును మడవకుండానే క్రాంతి కుమార్ వైపు చాచింది.

"ఇగ నీ చెయ్యి ఇటియ్యి," అంది.